బంతి వస్తుంటే బాబు కళ్లు మూసుకుంటున్నాడు

ప్రశ్న: సార్, మాది దేవరకొండ. ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుడతాను. మావారు హైదరాబాద్‌లో డ్రైవర్, ఆదివారం ఒక్కరోజే ఇంటికి వస్తారు. మాకు ఏడేళ్ల బాబు, అయిదేళ్ల పాప. టీవీలో మ్యాచ్ వస్తే బాబు అక్కడి నుంచి కదలడు. బ్యాట్ కావాలని ఏడాదంతా అడిగితే దసరాకు వాళ్ల నాన్న పెద్ద బ్యాట్, లెదర్ బంతి తెచ్చారు. పెరిగే పిల్లవాడు కదా, పెద్దదైతే నాలుగేళ్లు పనికొస్తుందన్నారు. మొదటి రోజే బంతి మోకాలి కింద తగిలి కమిలిపోయింది. అప్పటి నుంచి బంతి వస్తుంటే కళ్లు మూసుకుని పక్కకు జరుగుతున్నాడు. వాళ్ల నాన్న పిరికివాడని కోప్పడతారు, వాడు ఏడుస్తాడు. పాప మాత్రం ప్లాస్టిక్ బ్యాట్ పట్టుకుని, అదీ ఎడమచేతి వాటంగా నిలబడి, ఏది వేసినా కొడుతుంది. నాకు క్రికెట్ తెలియదు. కానీ వారమంతా పిల్లల దగ్గర ఉండేది నేనే. నేను నేర్పించవచ్చా? ఎలా మొదలుపెట్టాలి?

సమాధానం:

అమ్మా,

తప్పకుండా నేర్పించవచ్చు. మెత్తని బంతిని, అందే ఎత్తులో, విసుగు లేకుండా వందసార్లు వేసే మనిషి ఉంటే ఈ వయసు పిల్లవాడికి చాలు. క్రికెట్ బాగా తెలిసినవాళ్లలో చాలామందికి ఆ ఓపిక ఉండదు. నల్లగొండ జిల్లా పరిషత్ పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాను. నా దగ్గరికి వచ్చిన మంచి బ్యాటర్లలో కొందరికి మొదటి బంతి వేసింది ఇంట్లో అమ్మో, అక్కో.

ముందుగా, బాబు పిరికివాడు కాడు. కంటి వైపు ఏదైనా దూసుకొస్తే రెప్ప వాలుతుంది. అది ఎవరూ నేర్పకుండా ఒంటికి వచ్చిన రక్షణ. దెబ్బ తిన్నచోట నిలబడకుండా కాళ్లు పక్కకు జరగడమూ అలాంటిదే. పురుషుల క్రికెట్‌లో వాడే లెదర్ బంతి 156 నుంచి 163 గ్రాముల వరకు బరువుంటుంది. మహిళల క్రికెట్‌లో అది 140 నుంచి 151 గ్రాములు. పదమూడేళ్లలోపు పిల్లలకైతే 133 నుంచి 144 గ్రాముల బంతి చాలని క్రికెట్ నియమావళిలోనే ఉంది. మామూలు టెన్నిస్ బంతి 60 గ్రాములు కూడా తూగదు. మీ ఇంటికి వచ్చింది పెద్దవాళ్ల బంతే అయితే, టెన్నిస్ బంతికి రెండున్నర రెట్లకు మించిన బరువున్న గట్టి ఉండ ప్యాడ్ లేని పసికాలికి తగిలిందన్న మాట. వాడు జరగకపోతేనే నేను ఆశ్చర్యపోయేవాణ్ణి. ఆ బంతిని ఇవాళే వాడి కంటికి కనబడనిచోట పెట్టేయండి. టెన్నిస్ బంతులు ఒక అరడజను కొనండి. ఒకటే ఉంటే అది గోడ దాటిన ప్రతిసారీ ఆట ఆగిపోతుంది. టెన్నిస్ బంతికీ జంకితే మొదటి వారం స్పాంజి బంతితోనో, మీ మిషన్ దగ్గర మిగిలే గుడ్డపీలికలు చుట్టి కుట్టిన బంతితోనో ఆడించండి. అది ముఖానికి తగిలినా వాడు నవ్వుతాడు. ఆ నవ్వు వచ్చిన రోజు సగం పని అయిపోయినట్టే.

ఇక బ్యాట్. ఈ విషయం నాకంటే మీకే బాగా అర్థమవుతుంది. పెరిగే పిల్లవాడని చొక్కా ఒక సైజు పెద్దది కుడతారు, పొడవు ఎక్కువైతే లోపలికి మడత పెడతారు, రెండేళ్ల తర్వాత ఆ మడత విప్పుతారు. బ్యాట్‌కు మడత ఉండదమ్మా. పెద్ద బ్యాట్ ఇస్తే పిల్లవాడు దాన్ని నిటారుగా లేపలేడు. పై చేయి బరువు మోయలేక వదిలేస్తుంది, కింది చేయి దాన్ని అడ్డంగా లాగుతుంది. చీపురు తిప్పినట్టు తిప్పుతాడు. అప్పుడు మనం నిలువుగా ఆడమని అరుస్తాం. వాడి తప్పేమీ లేదు, బరువే అలా ఆడిస్తోంది. అన్న అజిత్ బ్యాట్‌తో ఆడటం వల్లే హ్యాండిల్‌ను బాగా కిందికి పట్టే అలవాటు వచ్చిందని సచిన్ తెండూల్కర్ చెప్పారు. ఆ మాట పట్టుకుని పెద్ద బ్యాట్‌తో ఏం కాదు అనేవాళ్లు మీకు తారసపడతారు. కోటిమందిలో ఒకరికి నప్పినది మీ బాబు మణికట్టు మీద ప్రయోగించకండి.

సరైన బ్యాట్‌ను దుకాణంలోనే ఇలా చూడవచ్చు. బాబును బూట్లతో నిటారుగా నిలబెట్టి, బ్యాట్ అడుగును పాదం పక్కన నేల మీద ఆనించండి. హ్యాండిల్ చివర తొడ మొదలు దగ్గరికి రావాలి. నడుము దాటితే అది వాడిది కాదు. తర్వాత పై చేయి ఒక్కదానితో, కుడిచేతి వాటమైతే ఎడమ చేత్తో, బ్యాట్‌ను ముందుకు చాచి పట్టుకోమనండి. పది లెక్కపెట్టేలోపు చేయి వణికి కిందికి వాలిపోతే అంతకంటే తేలికైనది అడగండి. పిల్లల బ్యాట్లకు 1 నుంచి 6 వరకు నంబర్లుంటాయి. ఏడేళ్లవాళ్లకు ఎక్కువగా 2 సరిపోతుంది, కానీ వయసు చూసి కాకుండా కొలిచి తీసుకోండి. కొనడం ఇప్పుడు కుదరకపోతే దిగులు పడకండి, తెలిసిన వడ్రంగి చేత తేలిక చెక్కతో చేయించినా రెండేళ్లు గడిచిపోతాయి. పిడి మాత్రం సన్నగా, గుండ్రంగా, ముళ్లు లేకుండా నునుపు చేయించండి.

బ్యాట్ ఎలా పట్టుకోవాలో మాటల్లో చెబితే పిల్లలకు అర్థం కాదు. బొటనవేలు ఇలా, చూపుడువేలు అలా అంటూ మొదలుపెడితే చేతులు కొయ్యబారిపోతాయి. బ్యాట్‌ను నేల మీద బోర్లా పడుకోబెట్టి, హ్యాండిల్ వాడి వైపు ఉంచి, గొడ్డలి ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తమనండి. నూటికి తొంభైమంది సరిగ్గానే ఎత్తుతారు. మీరు చూడవలసినవి రెండే. చేతులు రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఏర్పడే సందు రెండు చేతులకూ ఒకే వరుసలో, బ్యాట్ వెనుక గట్టుకు కాస్త పక్కగా రావాలి. పై చేయి గట్టిగా, కింది చేయి వేళ్లతో వదులుగా ఉంటే ఇంకా మంచిది. అది ఒక్కరోజులో రాదు, రాలేదని రోజూ సరిచేయకండి. పాదాలు భుజాలంత ఎడంగా ఉంచి, మోకాళ్లు కొద్దిగా వంచి, బంతి వేసేవాళ్ల వైపు ముఖం తిప్పి నిలబడాలి. తల పక్కకు వాలకుండా, రెండు కళ్లూ ఒకే మట్టంలో ఉంటే చాలు. నిలబడటం గురించి ఇంతకంటే చెప్పనవసరం లేదు.

అసలు సంగతి బంతి వేయడంలో ఉంది.

మన వైపు చాలా ఇళ్ల ముందు షాబాద్ బండలు పరిచి ఉంటాయి. మీకూ ఉంటే మీరు అదృష్టవంతులు. చెలక నేల మీద గులకరాయి తగిలి బంతి ఎటు పోతుందో తెలియదు. బండ మీద పడితే అనుకున్న ఎత్తుకు లేస్తుంది. జంకుతున్న పిల్లవాడికి ఆ నమ్మకం చాలా అవసరం. బండలు తడిగా ఉంటే మాత్రం ఆడించకండి, జారి పడతారు. వాకిట్లో ముగ్గు వేశాక కాస్త పిండి మిగుల్చుకోండి. బాబు నిలబడేచోట ఒక గీత గీయండి. వాడికి రెండు మూడడుగుల ముందు పళ్లెమంత సున్నా చుట్టండి. మీరు ఎనిమిది, పది అడుగుల దూరంలో, ఒక మోకాలి మీద కూర్చోండి. నిలబడి వేస్తే బంతి పైనుంచి వాడి ముఖం మీదికి దిగినట్టు ఉంటుంది. కూర్చుని, చేయి కింది నుంచి ఊపి, ఆ సున్నాలో పడేలా వేస్తే ఒక్కసారి నేలకు తగిలి మోకాలికీ నడుముకూ మధ్య అందుతుంది.

అయితే మొదటిరోజే ఇది వద్దు. మొదటి రెండు మూడు రోజులు బంతిని కదలనివ్వకండి. ప్లాస్టిక్ గ్లాసు బోర్లించి దాని మీద బంతి పెట్టి కొట్టమనండి. లేదా పాత సాక్సులో బంతి వేసి, మూతి కట్టి, వేపకొమ్మకు వాడి మోకాలి ఎత్తులో వేలాడదీయండి. మీరు కుట్టుపనిలో ఉన్నప్పుడు కూడా వాడు ఒక్కడే ఆడుకోగలిగిన ఆట ఇది. అది అలవాటయ్యాక మీరు వాడికి కాస్త పక్కగా, బ్యాట్ తగలనంత దూరంలో నిలబడి, బంతిని భుజం ఎత్తు నుంచి వాడి ముందు వదలండి. నేలకు తగిలి లేచాక కొడతాడు. బంతి పైనుంచి కిందికి పడుతోందే తప్ప వాడి మీదికి రావడం లేదు కాబట్టి రెప్ప వాలదు. ఆ తర్వాతే మోకాలి మీద కూర్చుని వేయడం. ఒక్కో మెట్టు ఎక్కడానికి మూడు రోజులు పట్టవచ్చు, మూడు వారాలూ పట్టవచ్చు. మళ్లీ కళ్లు మూస్తున్నాడనిపిస్తే ఏమీ అనకుండా ఒక మెట్టు కిందికి దిగండి. దిగామని వాడికి చెప్పవలసిన పని లేదు.

కళ్లు తెరిపించడానికి నేను వాడిన ఉపాయాల్లో బాగా పనిచేసినది ఒకటి చెబుతాను. ఆరు బంతుల మీద స్కెచ్ పెన్నుతో రంగు చుక్కలు పెట్టండి, రెండింటికి ఎరుపు, రెండింటికి నీలం, రెండింటికి నలుపు. మీరు బంతి వేయగానే అది నేలను తాకేలోపు వాడు రంగు పేరు అరవాలి. కొట్టినా కొట్టకపోయినా ఫరవాలేదు, రంగు సరిగ్గా చెబితే ఒక పరుగు. రంగు చెప్పాలంటే కళ్లు తెరవాలి, తల ముందుకు రావాలి. బంతిని చూడు, బంతిని చూడు అని వందసార్లు చెప్పినా చూడని పిల్లలు ఈ ఆటలో వద్దన్నా చూస్తారు. చెల్లెలితో పోటీ పెడితే మరీ మంచిది. బ్యాట్ పట్టని సమయంలో రెండు చేతులతో బంతి పట్టుకునే ఆటలు, మన చిర్రగోనె (బిళ్లంగోడు), అన్నీ ఇదే పని చేస్తాయి. గాలిలోకి లేచిన చిర్రను కొట్టగలిగిన కంటికి టెన్నిస్ బంతి గుమ్మడికాయంత కనబడుతుంది.

పక్కకు జరగడం గురించి కూడా రాశారు. కాలి వెనుక ఇటుక పెట్టమని, కాలికి తాడు కట్టమని సలహాలిచ్చేవాళ్లు ఉంటారు. దయచేసి ఆ పనులు చేయకండి, కాలు మడతపడితే నెలల తరబడి బాధ. భయం తగ్గితే కాలు దానంతట అదే నిలుస్తుంది. మిగిలిన కొద్దిపాటి అలవాటుకు ముగ్గుపిండి చాలు. కుడి పాదం ముందు ఒక చిన్న గీత, ఎడమ పాదం ఎక్కడికి రావాలో అక్కడ ఒక పువ్వు. కొట్టేటప్పుడు ఎడమ పాదం పువ్వు మీదికి వస్తే రెండు పరుగులు.

ఇప్పుడు, పెద్దవాళ్లు ఎక్కువగా పొరపడే విషయానికి వస్తాను. నేనూ పొరపడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆరో తరగతి పిల్లవాడు ఒకడు ఏ బంతినైనా లెగ్ సైడ్‌కు, అంటే కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ వైపుకు, లాగి కొట్టేవాడు. బంతి బడి ప్రహరీ దాటేది. నేను కోచింగ్ పుస్తకంలో చదివిన ప్రకారం వాడిని నిలబెట్టి, మోచేయి పైకి, బ్యాట్ నిలువుగా, ముందు డిఫెన్స్, అంటే బంతిని కొట్టకుండా ఆపడం, నేర్చుకో అని నెలరోజులు దిద్దాను. నెల తర్వాత వాడి మోచేయి బాగానే లేచింది. కానీ బంతి కొట్టడం మరిచిపోయాడు. తర్వాత మైదానానికి రావడమే మానేశాడు. వాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. నిలువు బ్యాట్ గొప్పదే. బంతి వచ్చే దారిలోనే బ్యాట్ ఎదురు వెళితే కాస్త ముందూ వెనకా అయినా తగులుతుంది, అడ్డంగా ఊపితే క్షణం తేడాలో తప్పిపోతుంది. కానీ ఆ వయసు పిల్లవాడి ఎత్తుకు నేల నుంచి లేచిన బంతి చాలాసార్లు నడుము దగ్గరికి వస్తుంది. ఆ ఎత్తు బంతిని లాగి కొట్టడమే సహజం, పెద్దవాళ్లూ దాన్ని అలాగే కొడతారు. కాబట్టి మొదటి ఆరు నెలలు బాబును గట్టిగా కొట్టనివ్వండి. ఎటు కొట్టినా, ఎలా కొట్టినా, బ్యాట్ మధ్యలో తగిలి టప్ మని శబ్దం వస్తే చప్పట్లు కొట్టండి. ఆ శబ్దం కోసమే వాడు రేపు మళ్లీ బ్యాట్ పట్టుకుంటాడు.

నిలువు బ్యాట్‌ను తర్వాత ఆటలోనే కలపండి. మీ వెనుక రెండు నీళ్ల సీసాలు మూడడుగుల ఎడంలో నిలబెట్టి, వాటి మధ్య నుంచి బంతి పోతే నాలుగు పరుగులని చెప్పండి. అప్పుడు మాత్రం మీరు పక్కకు జరిగి వేయండి, బంతి నేరుగా మీ మీదికే వస్తుంది. నేరుగా కొట్టాలంటే బ్యాట్ నేరుగా రావాలని వాడి చేతులే కనిపెడతాయి.

అన్నాచెల్లెళ్లు కలిసి ఆడేటప్పుడు ఒక నియమం పెట్టండి. ఒక్కొక్కరికి పన్నెండు బంతులు. ఔటైతే రెండు పరుగులు పోతాయి, బ్యాట్ మాత్రం పోదు. మన గల్లీ ఆటలో బాగా ఆడేవాడు గంటసేపు ఆడతాడు, నేర్చుకోవలసినవాడు మొదటి బంతికే ఔటై గంటసేపు బంతులు ఏరుతాడు. ఎవరికి ఎక్కువ బంతులు కావాలో వాళ్లకే తక్కువ దొరుకుతాయి. ఎన్ని మైదానాల్లో చూసినా నన్ను బాధపెట్టేది ఇదే.

పాప ఎడమచేతి వాటం మార్చకండి. అన్నం కుడిచేత్తో తింటుంది కదా, బ్యాట్ ఎడమ ఏమిటని ఎవరైనా అంటారు. భారత బ్యాటర్ స్మృతి మంధాన మిగతా పనులు కుడిచేత్తో చేస్తుంది, బ్యాటింగ్ ఎడమచేతి వాటం. సచిన్ ఎడమచేత్తో రాస్తారు, కుడిచేతి వాటంగా ఆడారు. ఇంకొక మాట. బాబుకు నేర్పుతూ పాపను బంతులు అందించడానికి నిలబెట్టకండి, ఆమెకూ పన్నెండు బంతులే. మన భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిషకు చిన్నతనంలో బ్యాట్ పట్టించింది వాళ్ల నాన్నే. ఆ అమ్మాయి 2023లో అండర్-19 మహిళల ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడింది. 2025లో మళ్లీ కప్ గెలిచినప్పుడు టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి అయింది. స్కాట్లాండ్‌పై చేసిన 110 పరుగులు ఆ ప్రపంచకప్‌లో ఎవరైనా చేసిన మొట్టమొదటి సెంచరీ. మీ పాప అంతటిది కావాలని కాదు, కొట్టే చేతిని ఖాళీగా ఉంచవద్దని చెబుతున్నాను.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఇంకా ఆడదాం అని వాడు అంటున్నప్పుడే ఆపేయండి. మార్చి నుంచి మన ఎండలు మీకు తెలియనివి కావు. పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం అయిదు తర్వాత తప్ప బయటికి పంపకండి, మధ్యలో నీళ్లు తాగించండి.

ఆదివారం సంగతి. మీవారు ఆరు రోజులు బండి నడిపి, ఏడో రోజు కొడుకుతో ఆడాలని వస్తున్నారు. ఎంతమంది నాన్నలు అలా వస్తారు? ఆయన ప్రేమకు నేను దండం పెడతాను. తొందరొక్కటే తగ్గించుకోవాలి. వీలైతే ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించండి. అయ్యా, వచ్చే ఆదివారం మీరు బంతి వేయకండి, కీపర్‌గా నిలబడండి. వారమంతా వాడు ఏం నేర్చాడో చూడండి. రంగు సరిగ్గా చెబితే భలే చూశావురా అనండి. సిక్స్ కొట్టినప్పటికంటే ఆ మాటకు వాడి ముఖం ఎక్కువ వెలుగుతుంది. ఆ తర్వాత ఆదివారం మీరూ మోకాలి మీద కూర్చుని వేయండి. మీ చేతి వేగం వాడికి కావలసిన రోజు వస్తుంది, అప్పుడు వాడే అడుగుతాడు.

హైదరాబాద్ అకాడమీ గురించి ఎవరైనా ఒత్తిడి చేస్తే ఇప్పుడే వద్దనండి. పదేళ్లు దాటాక, ఆడాలన్న కోరిక అలాగే ఉంటే ఆలోచించవచ్చు. లెదర్ బంతి కూడా అప్పుడే, అదీ పిల్లల బంతి. హెల్మెట్, ప్యాడ్లు, గ్లౌజులు, లోపలి గార్డ్ అన్నీ ఉంటేనే. వీటిలో ఒక్కటి లేకపోయినా ఆ రోజు టెన్నిస్ బంతితోనే ఆడించండి. పిచ్ కూడా పెద్దవాళ్లలా 22 గజాలు వద్దు. ఆస్ట్రేలియాలో చిన్నపిల్లలను మొదటి దశలో 16 మీటర్ల మీద, తర్వాత 18 మీటర్ల మీద ఆడిస్తారు. పూర్తి పిచ్ 20 మీటర్లకు కాస్త ఎక్కువ.

దసరాకు తెచ్చిన పెద్ద బ్యాట్‌ను అమ్మేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి. నాన్న తెచ్చినదని వాడికి దాని మీద ప్రేమ ఉంటుంది. మెత్తని గుడ్డతో ముందువైపు, అంచులకు, అడుగుకు అవిసె నూనె పలుచగా రాయండి. హ్యాండిల్‌కూ స్టిక్కర్లకూ తగలనివ్వకండి. ఒక రాత్రి పడుకోబెట్టి ఆరనివ్వండి. తర్వాత పాత చీరముక్కలో చుట్టి, ఎండ తగలనిచోట అటక మీద పెట్టండి. ఏటా పుట్టినరోజున దించి, వాడి పక్కన నిలబెట్టి, హ్యాండిల్ ఎక్కడికి వస్తోందో చూడండి.